‘చూడ చూడ’నా, ‘చూడజూడ’నా?

బలపం: నమస్కారం అండీ. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, సోమవారం తెలుగు పరీక్ష. గురులఘువులు, యతి, ప్రాస, ప్రకృతి వికృతి, అలంకారాలు అన్నీ ఒక్కసారి తిరగేయిద్దామని కూర్చున్నాను. అభ్యాసానికి నాకు బాగా వచ్చిన వేమన పద్యం తీసుకుందామని ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ మొదలెట్టానా, రెండో పాదం దగ్గరే ఇద్దరికీ గొడవ. నాకేమో ‘చూడజూడ రుచుల జాడ వేరు’ అని చెవిలో ఉంది, తన నోట్సులో ‘చూడ చూడ’ అని ఉంది. ఏది రైటు? ఇంకో డౌటు, ఇందులో అలంకారం ఉపమేనా? ‘ఒక్క పోలిక’ అన్నాడు కాబట్టి ఉపమ అంటోంది అది. తొందరగా చెప్పండి, మళ్ళీ లెక్కల పరీక్ష కూడా ఉంది.

పదవీవిరమణ మాస్టారు: రెండూ అచ్చులో కనిపిస్తాయి కానీ వ్యాకరణం ప్రకారం మీ చెవే రైటు. చూడన్ అన్నది ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట, దాని మీద పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది, చూడఁజూడ. ‘తినగఁ దినగ వేము తియ్యనుండు’ కూడా అంతే, దాన్నీ ఇప్పుడు ‘తినగ తినగ’ అని వేస్తున్నారు. పిల్లలకు సులువుగా ఉంటుందని విడదీసి, అరసున్న తీసేసి, సంధి కూడా తీసేశారు. సరళాదేశ సంధికి ఇంతకంటే చక్కని ఉదాహరణ ఇంకేముంది చెప్పండి, కళ్ళెదుట ఉన్నదాన్ని తీసేసి వేరే పేజీలో ‘పూచెను + కలువలు’ అని నేర్పుతారు.

గోదారి గట్టు: మాస్టారూ, సంధి సంగతి ఒప్పుకుంటాను, అసలు అర్థం గురించి ఎవరూ మాట్లాడరేం? ఆ ‘చూడ’ కంటితో చూడటమా, నాలుకతో చూడటమా? మనం రుచి ‘చూస్తాం’. వాసన చూస్తాం, నాడి చూస్తాం, జ్వరం చూస్తాం. రెండో చూడ పక్కనే ‘రుచుల’ అని ఎందుకు పెట్టాడు మరి? నా ఉద్దేశంలో మొదటి చూడ కంటికి, రెండోది నోటికి. పైకి చూస్తే ఒకటే, నాలుక మీద వేసి చూస్తే వేరు. వేమన ఒక్క క్రియతోనే పని కానిచ్చేశాడు.

పదవీవిరమణ మాస్టారు: ఊహ బాగుంది, నిలవదు. అది ఆమ్రేడితం. ఒకే మాట రెండుసార్లు అంటే చూడగా చూడగా, అంటే పరిశీలించిన కొద్దీ అని. తినగ తినగలో మొదటి తినడం ఒకటి, రెండో తినడం వేరొకటి అంటామా?

గోదారి గట్టు: తినగ తినగలో వేప మారదు, తినేవాడి నాలుకే మారుతుంది. ఇక్కడ ఉప్పూ మారదు, కర్పూరమూ మారదు, చూసే పద్ధతి మారుతుంది. అందుకే అంటున్నాను మాస్టారూ. ఆమ్రేడితం కాదనడం లేదు, ఆమ్రేడితం లోపల శ్లేష, అంటే ఒకే మాటకి రెండర్థాలు, ఉండకూడదని రూలేం లేదుగా.

యమాతారాజు: అందరూ రెండో పాదం మీద పడ్డారు, మొదటి పాదం ఎవరైనా గణవిభజన చేశారా? పిల్లలు తప్పు చేసేది అక్కడే. ‘ఉప్పు’లో ఒత్తు కనబడగానే ప్పుకి గురువు పెట్టేస్తారు. గురువు ఉకి అమ్మా, ఒత్తు తనకు ముందున్న అక్షరాన్ని బరువు చేస్తుంది, తనని కాదు. ఉప్పు, కప్పు, రంబు మూడూ గలాలే (గురువు, లఘువు), అంటే మూడు సూర్యగణాలు. తర్వాత ‘నొక్కపో’ రగణం, ‘లికనుండు’ సలం, రెండు ఇంద్రగణాలు. ఆటవెలది బేసి పాదం తూచినట్టు సరిపోయింది. ఇప్పుడు యతి చూడండి, అంటే పాదం మొదటి అక్షరానికీ యతి స్థానంలోని అక్షరానికీ పొత్తు. నాలుగో గణం మొదటి అక్షరం ‘నొ’. పాదం మొదటి అక్షరం ‘ఉ’. ఉకీ నొకీ ఏం మైత్రి? పాపని ఇది అడగండి, ఇది చెప్పగలిగితే యతి వచ్చినట్టే.

బలపం: అడిగాను. ‘యతి తప్పింది, వేమన గారికి మార్కు కట్’ అంది.

పదవీవిరమణ మాస్టారు: తప్పలేదు. కప్పురంబును + ఒక్క, ఉత్వ సంధి జరిగి నొక్క అయింది. ఆ నకారం పక్కవాడిది, అచ్చు మాత్రం ‘ఒక్క’ది. ఉ, ఒ మిత్రులు. స్వరయతి.

యమాతారాజు: ఆ ‘ను’ ఏమిటో కూడా చెప్పండి మాస్టారూ. ‘ఇదీ అదీ’ అని కలిపే సముచ్చయమా, వట్టి ద్రుతమా? కప్పురంబు ప్రథమా విభక్తి, దానికి ద్రుతం రాదు.

పదవీవిరమణ మాస్టారు: నేను ద్రుతం అన్నానా? ‘ఉప్పును కప్పురంబును’ అని సముచ్చయం. ఒకచోట చెప్పి రెండోచోట మింగేయడం పద్యంలో మామూలే.

యమాతారాజు: చివర చెప్పి మొదట మింగాడు, సరే. నాకు కావలసింది అదే, మీ నోట అనిపిద్దామని.

ఓరుగల్లు పిల్ల: నొక్క గురించి ఇంత పంచాయితీ ఎందుకండీ, మా పోతన దగ్గర ఇదే ఉంది, ఇంకా అందంగా. ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు’. మత్తేభంలో యతి పద్నాలుగో అక్షరం, లెక్కపెడితే సరిగ్గా ‘నా’ మీద పడుతుంది. మొదటి అక్షరం అ. నగరిలోన్ + ఆ, కాబట్టి అకీ ఆకీ యతి. నేను ఏడో తరగతిలో దీన్ని ‘నా మూల’ అనుకున్నాను, అంటే విష్ణుమూర్తికి ఆ మేడలో తనకంటూ ఒక మూల ఉంది, మా ఇంట్లో కిటికీ పక్కన నేను చదువుకునే మూలలాగా, అక్కడ కూర్చున్నాడు అని. మా టీచరు తిట్టలేదు, నవ్వి పదం విడదీసి చూపించింది. ఆ రోజు నుంచి పద్యంలో ‘న’ కనిపిస్తే ముందు అనుమానిస్తాను. ఏ సంధి పేరు మర్చిపోయినా ఈ అనుమానం మాత్రం పోలేదు.

గోదారి గట్టు: నా మూల! అద్భుతం. నిజానికి ‘ఆ మూల’ అన్నా అది మూలనున్న సౌధమా, మూలసౌధమా అని మళ్ళీ ఇంకో తగాదా ఉంది.

ఓరుగల్లు పిల్ల: మూలసౌధమే, ప్రధానమైన మేడ. దేవుణ్ణి మూలన కూర్చోబెడతాడా మా బమ్మెర పోతన?

సీమ కుర్రోడు: ‘మా’ అంటే ఎట్లా, ఒంటిమిట్ట వాళ్ళం ఏమనుకోవాలి?

పదవీవిరమణ మాస్టారు: ఆ తగాదా ఇక్కడ వద్దు, రెండు ఊళ్ళ వాళ్ళూ ఆ పద్యం కంఠతా వచ్చినవాళ్ళే కదా. బలపం గారు లెక్కల పరీక్ష అన్నారు పాపం.

బలపం: లెక్కలు పక్కన పెట్టేసిందండీ, ఇది చదువుతూ నా పక్కనే కూర్చుంది. ఇప్పుడు దానికో ప్రశ్న, ‘ఉప్పూ కర్పూరం ఒకేలా ఎలా ఉంటాయి?’ అట. మా ఇంట్లో ఉప్పు ప్యాకెట్‌లో మెత్తటి పొడి. కర్పూరం గుండ్రటి బిళ్ళ. అది అడిగేదాకా నాకూ తట్టలేదు.

గోదారి గట్టు: చూశారా, అసలు విషయం ఇదీ. కల్లుప్పు చూపించండి పాపకి. కల్లుప్పు పలుకులు, పక్కన బిళ్ళ చెయ్యని పలుకు కర్పూరం, రెండూ ఒక పళ్ళెంలో పోసి దూరం నుంచి చూడమనండి. అప్పుడు పద్యం అర్థమవుతుంది. ఉపమానం ఏమిటి, ఉపమేయం ఏమిటి అని నాలుగు గళ్ళు గీసి నింపిస్తారు గానీ ఆ ఉపమానాన్ని పిల్ల ఎప్పుడైనా కళ్ళతో చూసిందా అని ఎవరూ అడగరు.

సీమ కుర్రోడు: రుచి చూపించమంటారా కర్పూరం? హారతి కర్పూరం నోట్లో వేసుకుంటే అయినట్టే.

గోదారి గట్టు: అయ్యో వద్దు! హారతిది నోట్లో పెట్టకూడదు. తినేది పచ్చకర్పూరం, తీర్థంలో, చక్కెరపొంగలిలో, అదీ చిటికెడులో చిటికెడు. వేమన ‘రుచుల’ అన్నాడంటే పచ్చకర్పూరమే మనసులో ఉండి ఉంటుందని నా గట్టి నమ్మకం. ‘చూడ’ అంటే నాలుకే అన్న నా వాదానికి ఇది రెండో సాక్ష్యం.

పదవీవిరమణ మాస్టారు: రుచి అంటే కాంతి అనే అర్థం కూడా ఉంది సంస్కృతంలో. కంటికి సంబంధించినదే. మీ రెండో సాక్షి కూడా నా వైపు వచ్చాడు.

గోదారి గట్టు: కాంతి ఒకేలా ఉండబట్టే కదా మాస్టారూ పోలిక అన్నది! కాంతి వేరైతే మొదటి పాదం కొట్టుకుపోతుంది.

యమాతారాజు: ఈ ఒక్కటి గోదారి గారికి ఇచ్చేయాలి మాస్టారూ.

పదవీవిరమణ మాస్టారు: రుచి అంటే కాంతి అని అన్నాను, ఇక్కడ అదే అర్థమని అనలేదు.

అలంకారప్రియ: ఇంతకీ అలంకారం ఎవరూ చెప్పలేదు, పాప అడిగింది అదేగా. ఉపమ కాదు తల్లీ. ‘పోలిక’ అన్న మాట ఉన్నంత మాత్రాన ఉపమ అయిపోదు. ఉప్పునీ కర్పూరాన్నీ పోల్చడం కవి పని కాదిక్కడ, ఆ జంటని చూపించి మనుషుల గురించి చెప్పడం పని. మొదటి రెండు పాదాలు ఒక వాక్యం, మూడోది, ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’, ఇంకో వాక్యం, మధ్యలో ‘వలె’ లేదు, ఒకటి బింబం, ఒకటి ప్రతిబింబం. దృష్టాంతం.

యమాతారాజు: దృష్టాంతానికి బడిలో చెప్పే ఉదాహరణ గుర్తుందా, ‘ఓ రాజా, నీవే కీర్తిమంతుడవు, చంద్రుడే కాంతిమంతుడు’. అక్కడ ధర్మాలు వేరు, ఒకటి కీర్తి, ఒకటి కాంతి. ఇక్కడ అటు ‘జాడ వేరు’, ఇటు ‘వేరయా’. ధర్మం ఒకటే, మాట కూడా ఒకటే. ఇదెలా దృష్టాంతం?

అలంకారప్రియ: ధర్మం ఒకటే అయితే ప్రతివస్తూపమ అంటారు, అది మీకూ తెలుసు.

యమాతారాజు: ప్రతివస్తూపమకి ఒకే ధర్మాన్ని వేరు వేరు మాటల్లో చెప్పాలి. ఇక్కడ మాట మార్చలేదు. నన్నడిగితే ఆవృత్తి దీపకం, అదే మాట మళ్ళీ వచ్చింది కదా.

అలంకారప్రియ: ఎనిమిదో తరగతి పిల్లకి ఆవృత్తి దీపకమా? కువలయానందం లాంటి అలంకారశాస్త్ర గ్రంథం చేతికిచ్చి పరీక్షకి పంపండి ఇక. అయినా ఉప్పు, కర్పూరం తేడా రుచిలో, మనుషుల తేడా గుణంలో. ‘వేరు’ అన్న మాట ఒకటైనా ఆ వేరు వేరే వేరు.

సీమ కుర్రోడు: ఆ వేరు వేరే వేరు. ఇది ఏ అలంకారం మేడమ్?

అలంకారప్రియ: 🙏

ఓరుగల్లు పిల్ల: రెండో పాదంలో యతి ఎవరూ చూడలేదు. చూకీ జాకీ యతి లేదు. చ, జ కలుస్తాయి కానీ ఊ, ఆ కలవవు. ఇది ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం: చూడ, జాడ, రెండోచోట డ. పాపకి ఇది చెప్పండి, స్వరయతి ఒక పాదంలో, ప్రాసయతి ఇంకో పాదంలో, మామూలు యతి మూడో పాదంలో పు-పు, నాలుగో పాదంలో వి-వి. ఒక్క చిన్న పద్యంలో యతి పాఠం అంతా ఉంది. ‘కప్పురం’ కూడా ఉంది, ప్రకృతి కర్పూరం.

బలపం: ఇది నోట్సులో రాసుకుంది. ‘అక్కకి థాంక్స్ చెప్పు’ అంది.

పదవీవిరమణ మాస్టారు: ‘చూడజూడ’ అని దిద్దిందా లేదా?

బలపం: దిద్దలేదు మాస్టారూ, పుస్తకంలో ఉన్నట్టు రాయకపోతే మార్కులు పోతాయని భయం. పక్కన పెన్సిల్‌తో చిన్నగా రాసుకుంది.

పదవీవిరమణ మాస్టారు: పెన్సిల్‌తోనైనా సంతోషం.

బలపం (సోమవారం): పరీక్ష అయిపోయింది. ఇదే పద్యం వచ్చింది! కానీ గురులఘువులు గుర్తించమన్నది మూడో పాదానికి. మనం రెండు రోజులు కొట్టుకున్నది మొదటి రెండింటి మీద. ‘పుణ్య’లో ణ్యకి గురువు పెట్టి వచ్చింది. అలంకారం అడగలేదు. భావం సొంత మాటల్లో రాయమన్నారు, ‘కల్లుప్పు’ అని ప్రత్యేకంగా రాసిందట.

యమాతారాజు: పుణ్యలో పుకి గురువు! ఉప్పు దగ్గరే చెప్పాను కదా.

గోదారి గట్టు: కల్లుప్పు అని రాసింది చాలు నాకు. రుచి చూడటం గురించి ఏమైనా రాసిందా?

బలపం: ‘పరీక్షించి చూస్తే’ అని రాసిందట.

పదవీవిరమణ మాస్టారు: చూడగా చూడగా. నేను చెప్పిందే.

గోదారి గట్టు: నాలుకతో పరీక్షించి.

కొత్తగా చేరాను: ఇప్పుడే చదివాను అంతా. నొక్కలో న సరే, ‘పోలికనుండు’లో న ఎక్కడిది? పోలికన్ + ఉండు అంటే సప్తమా, తృతీయా?