రెండో వీలునామా రద్దయితే మొదటిది చెల్లుతుందా?

ప్రశ్న: కావలి దగ్గరి స్వార్జిత పొలాన్ని మా తాతగారు మొదట మా నాన్నగారికి రాసి, ఆపై పాత వీలునామాను రద్దుచేస్తూ చిన్నాన్న పేర రెండోది రాశారు, నిరుడు దాన్నీ రద్దు దస్తావేజుతో రద్దుచేసి, పోయిన నెలలో కాలం చేశారు. నాలుగు మూలలా పసుపు పెట్టిన మొదటి కాగితం బీరువాలోనే ఉంది. అది చెల్లుతుందా అండీ?

జవాబు: చెల్లదండీ. 1925 భారత వారసత్వ చట్టం 73వ సెక్షన్ ప్రకారం, రద్దయిన వీలునామాను ఇద్దరు సాక్షులతో మళ్లీ రాస్తేనో, దాన్ని పునరుద్ధరించే ఉద్దేశం తెలిపే కొడిసిల్ (వీలునామాకు అనుబంధ పత్రం) రాస్తేనో తప్ప అది అమలులోకి రాదు. పసుపు పెట్టినంత మాత్రాన ప్రాణం రాదు.

మరో జవాబు: రద్దు దస్తావేజుపై ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయో లేదో ముందు చూడండి, లేకుంటే 70వ సెక్షన్ ప్రకారం ఆ రద్దే నిలవక చిన్నాన్నగారి వీలునామా మిగులుతుంది. రద్దు సరైనదైతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ నాయనమ్మగారికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు వస్తాయి. మేనత్తల సంగతి మీరు రాయనేలేదు.