చనిపోయిన వెంటనే ఆత్మ ఎక్కడికి వెళ్తుంది? మీ సంఘంలో ఏం చెప్తారు?

సీతమ్మధార_తమ్ముడు:
అందరికీ వందనాలు. ఈమధ్యే మా నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. ఆయన ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్), జ్ఞానాపురం కెథడ్రల్‌కి వెళ్లేవారు. అమ్మ బాప్టిస్టు, బావగారు అడ్వెంటిస్టు. ఆదరణ కూడికలో ఒకరు "పరదైసులో (పరలోక సుఖస్థలంలో) ఉన్నారు" అన్నారు. ఇంకొకరు "ఆత్మ కోసం చర్చిలో పూజ (మాస్) పెట్టించండి" అన్నారు. బావగారేమో "ఇంకా నిద్రలోనే ఉన్నారు" అన్నారు. అప్పట్నుంచీ అమ్మకి ఒకటే టెన్షన్. మీ ఇళ్లలో ఏం చెప్పుకున్నారు?

గాజువాక_అక్క:
తమ్ముడూ, సిలువ మీద దొంగతో ప్రభువు "నేడు నాతో పరదైసులో ఉంటావు" అన్నాడు కదా. అతనికి బాప్తిస్మం లేదు, మంచి పనులు చేసే టైమూ లేదు. మా ఆయన పోయినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ మాటే. వెళ్లిపోయి క్రీస్తుతో ఉండటం ఎంతో మేలని పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. ఉత్త నిద్రే అయితే అంత ఆశపడతాడా?

రాస్‌హిల్_కింద:
పూజ పెట్టించమన్నవాళ్లు నాన్నగారు నరకంలో ఉన్నారని అనలేదు. ముందు అమ్మగారికి అది చెప్పండి. ఉత్తరించు స్థలంలో (మోక్షానికి ముందు ఆత్మలు శుద్ధి పొందే చోట, పర్గెటరీలో) ఉన్నవాళ్లు రక్షణ పొందినవాళ్లే, మోక్షం ఖాయం. శుద్ధి మాత్రం మిగిలి ఉంటుంది, మన ప్రార్థన దానికోసం. శుద్ధి అక్కర్లేనివాళ్లు వెంటనే దేవుణ్ణి ముఖాముఖి చూస్తారని 12వ బెనెడిక్ట్ పోపు 1336లో ఖరారు చేశారు. ఆయనకి ముందున్న 22వ జాన్ పోపు, కడవరి తీర్పుదాకా ఆగాలని ప్రసంగాల్లో చెప్పి, చనిపోయేముందు వెనక్కి తీసుకున్నారు. పోపు అంతటివారికే వచ్చిన సందేహం అమ్మగారికి రాకుండా ఎలా ఉంటుంది?

నవంబరు 2న సమాధుల పండుగకి మా పెద్దమ్మ పెదనాన్నగారి సమాధికి సున్నం కొట్టించి, బంతిపూలు పరుస్తుంది. సముద్రపుగాలికి కొవ్వొత్తి ఆరిపోతుంటే కొబ్బరిచిప్ప అడ్డుపెట్టి మళ్లీ వెలిగిస్తుంది. పోయినవాళ్లకి మనం ఇంకా ఏదో చేయగలం అన్న నమ్మకం ఎంత బలమో ఆవిడని చూస్తే తెలుస్తుంది.

మధురవాడ_సబ్బాతు:
బావగారి మాట కఠినంగా అనిపించి ఉండొచ్చు, కానీ అందులో ఓదార్పు ఉంది. చచ్చినవారు ఏమీ ఎరగరని ప్రసంగి 9:5లో ఉంది. లాజరు నిద్రపోతున్నాడని ప్రభువే అన్నాడు. నాన్నగారికి కన్ను మూయడం, ప్రభువు రెండో రాకడలో తెరవడం వెంటవెంటనే జరిగినట్టు ఉంటుంది. మా అమ్మ క్యాన్సర్‌తో చాలా నలిగిపోయింది. ఇప్పుడు నొప్పీ లేదు, మా ఏడుపులు పైనుంచి చూసి కుమిలిపోవడమూ లేదు.

గాజువాక_అక్క:
మరి లూకా 16లో చనిపోయిన ధనవంతుడు పాతాళంలోంచి మాట్లాడాడు కదా?

మధురవాడ_సబ్బాతు:
మేం దాన్ని ఉపమానంగా చదువుతాం అక్కా.

పాతపోస్టాఫీసు_సీఎస్‌ఐ:
వాదన పక్కన పెడదాం. మొదటి థెస్సలొనీకయులకు 4వ అధ్యాయం తీయండి. ఆ సంఘంవాళ్లూ ముందుగా పోయినవాళ్ల గురించి ఇలాగే బెంగపడ్డారు. పౌలు ఆ మధ్యకాలం గురించి వివరాల్లోకి పోలేదు. క్రీస్తునందు మృతులైనవారు మొదట లేస్తారు, మనం వాళ్లతో కలిసి ఎప్పటికీ ప్రభువుతో ఉంటాం అన్నాడు. దీన్ని మీ బావగారూ కాదనరు, ఫాదరూ కాదనరు. అమ్మగారి పక్కన కూర్చుని మీరే చదివి వినిపించండి.

సీతమ్మధార_తమ్ముడు:
చదివాను. అమ్మ "నాన్నకి పూజ పెట్టించు, నేనూ వస్తా" అంది. బాప్టిస్టులు రావచ్చా?

రాస్‌హిల్_కింద:
నిరభ్యంతరంగా. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) మాత్రం కతోలికులే తీసుకుంటారు, అది ముందే చెప్పండి. గుడి ఆఫీసులో నాన్నగారి పేరు రాయిస్తే ఆ పూజలో తలుస్తారు.