నాన్నగారి నో క్లెయిం బోనస్ కొత్తగా కొనే కారుకు వస్తుందా?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. నాన్నగారు పాత కారు అమ్మి, హైదరాబాద్ రిజిస్ట్రేషన్ ఉన్న 1197 సీసీ కారు కొనబోతున్నారు. అయిదేళ్లకు పైగా క్లెయిం చేయకపోవడంతో ఆయనకు 50 శాతం నో క్లెయిం బోనస్ (బీమా ప్రీమియంలో తగ్గింపు) ఉంది. పాత కారుతోపాటే ఆ బోనస్ కూడా కారు కొన్నవారికి పోతుందని ఏజెంటు అంటున్నారు. నేను చదివినంతలో బోనస్ యజమానిది, బండిది కాదు. సొంత నష్టం ప్రీమియంలో, అంటే మన కారుకే జరిగే నష్టానికి కట్టేదానిలో, సగం తగ్గే విషయం కాబట్టి వదులుకోబుద్ధి కావడం లేదు. పాత బీమా కంపెనీ నుంచి బోనస్ ధ్రువపత్రం తీసుకున్నవారు ఏ కాగితాలు ఇచ్చారో దయచేసి చెప్పండి.

థర్డ్ పార్టీ ప్రీమియంపై, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేదానిపై, సందేహం లేదు. ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022లో ప్రకటించిన ధరల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416 రూపాయలు. సొంత నష్టం ప్రీమియమే అర్థం కావడం లేదు. రిజిస్ట్రేషన్ హైదరాబాద్‌ది అయితే పెద్ద నగరాలకు వర్తించే ‘ఎ’ జోన్ లెక్క, శ్రీకాకుళానికి మార్చుకుంటే మిగతా ప్రాంతాల ‘బి’ జోన్ లెక్క. ఆ తేడా ఎంత ఉంటుంది? మార్చుకున్నాకే పాలసీ తీసుకోవడం మేలా?

ఇంకొకటి. నాన్నగారు అరసవల్లికో, నరసన్నపేటకో తప్ప బండి తీయరు. అంత తక్కువ తిరిగేవారికి కిలోమీటర్ల లెక్కన కట్టే పాలసీ నిజంగా లాభమేనా? ఈ జిల్లాలో తీసుకుని, క్లెయిం కూడా చేసినవారి అనుభవం నాకు చాలా అవసరం. వచ్చే వారమే డబ్బు కట్టాలి.