చేతికి డబ్బా, బ్యాంకు అప్పా? 2020 మాంద్యంలో కేంద్రం చేసిందెంత, చెప్పుకున్నదెంత

లెక్కల_సారు:

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, 2020 కరోనా మాంద్యం గొడవ మళ్ళీ లేస్తుంది. "మోదీ 20 లక్షల కోట్లు కుమ్మరించి దేశాన్ని నిలబెట్టాడు" అని ఒక వర్గం, "పైసా విదల్చలేదు, వలస కూలీలను ఎండలో నడిపించాడు" అని ఇంకో వర్గం. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది, అందుకే ఇక్కడ పెడుతున్నా. బూతులు లేకుండా మాట్లాడుకుందాం.

ముందు ఆ 20 లక్షల కోట్ల సంగతి. 2020 మే 12 రాత్రి ప్రధాని ప్రకటించారు, జీడీపీలో 10 శాతం అన్నారు. మర్నాటి నుంచి ఐదు రోజులు నిర్మలా సీతారామన్ గారు వరసగా ప్రెస్ మీట్లు పెట్టి, చివరికి 20,97,053 కోట్లకు లెక్క తేల్చారు. అందులో 8 లక్షల కోట్లు రిజర్వు బ్యాంకు అంతకుముందే బ్యాంకులకు అందుబాటులో పెట్టిన సొమ్ము. 3 లక్షల కోట్లు చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే అప్పు, కేంద్రం ఇచ్చింది దానికి గ్యారంటీ మాత్రమే. టీడీఎస్ (చెల్లింపుల్లోనే ముందుగా పట్టుకునే పన్ను) రేటు నాలుగో వంతు తగ్గించినందుకు 50 వేల కోట్లు వేసుకున్నారు, అది ఎటూ తర్వాత కట్టాల్సిన పన్నే. ఇంకా విచిత్రం పీఎఫ్. కోత 12 నుంచి 10 శాతానికి తగ్గించి, నా జీతంలోదే ఓ మూడు నెలలు కాస్త ఎక్కువ నా చేతికొచ్చేలా చేసి, దాన్నీ 6,750 కోట్ల సాయం కింద రాసుకున్నారు! ఖజానా నుంచి కొత్తగా బయటికి వెళ్ళేది జీడీపీలో 1, 2 శాతం మధ్యే ఉంటుందని అప్పట్లోనే చాలామంది విశ్లేషకులు చెప్పారు.

అలాగని పైసా ఇవ్వలేదంటే కూడా ఒప్పుకోను. దాదాపు 80 కోట్ల మందికి మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ఉచితంగా బియ్యమో గోధుమలో అందాయి. జన్‌ధన్ ఖాతాలున్న 20 కోట్ల మంది ఆడవాళ్ళకు మూడు నెలలపాటు 500 చొప్పున పడ్డాయి. ఉపాధి హామీకి బడ్జెట్లో పెట్టిన 61,500 కోట్ల మీద ఇంకో 40 వేల కోట్లు ఇచ్చారు, ఆ ఏడాది సుమారు 389 కోట్ల పనిదినాలు నడిచాయి. 2015లో లోక్‌సభలో ఇదే పథకాన్ని కాంగ్రెస్ వైఫల్యాలకు గుర్తుగా మిగిలిందని వెటకారం చేసినవాళ్ళే ఐదేళ్ళకు దాన్ని పట్టుకుని గట్టెక్కారు. ఇది మాత్రం మా బీజేపీ మిత్రులు ఎప్పుడూ ప్రస్తావించరు.

నా అభ్యంతరం వేరే. కిందవాడికి బియ్యం వచ్చింది, పైవాడికి బ్యాంకు గ్యారంటీ వచ్చింది. మధ్యలో ప్రైవేటు స్కూలు టీచరు, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు, జిరాక్స్ షాపువాడు, క్యాటరింగ్ చేసేవాడు ఉన్నారు. వీళ్ళకి రేషన్ కార్డూ లేదు, బ్యాంకులో అప్పు ఖాతా కూడా లేదు. వీళ్ళ కోసం ఆ ఐదు రోజుల ప్రెస్ మీట్లలో ఏముందో ఎవరైనా చూపించండి.

భారత్_ప్రథమం:

సార్, మీరు పెద్దవారు, లెక్కలు బాగా చెప్పారు గానీ సందర్భం వదిలేశారు. దుకాణాలన్నీ మూసి ఉన్నప్పుడు జనం చేతికి డబ్బిస్తే ఎక్కడ ఖర్చు పెడతారు? అందుకే ముందు తిండి, తర్వాత అప్పు, అంతా తెరుచుకున్నాక రోడ్లు, రైల్వేల మీద ఖర్చు. 2021-22 బడ్జెట్లో మూలధన వ్యయం 5.54 లక్షల కోట్లకు పెంచారు. దీనికి ఒక వరస ఉంది, గుడ్డిగా చేసింది కాదు.

ఇంకోటి, "ఇచ్చింది తక్కువ" అనేవాళ్ళు రాబడి ఎంత పడిపోయిందో చెప్పరు. ద్రవ్యలోటు, అంటే ప్రభుత్వ ఖర్చుకీ రాబడికీ మధ్య తేడా, జీడీపీలో 3.5 శాతం అనుకుంటే ఏడాది చివరికి 9.2 శాతానికి పోయింది. ఇంకెంత అప్పు చేయమంటారు?

2008లో యూపీఏ ఏం చేసిందో గుర్తుందా? లోటు 2.5 నుంచి రెండేళ్ళలో 6.5కి తీసుకెళ్ళారు, బ్యాంకుల చేత అడ్డగోలుగా అప్పులిప్పించారు. ఆ రెండేళ్ళు గ్రోత్ బాగానే కనిపించింది. తర్వాత? ధరలు ఏళ్ళ తరబడి రెండంకెల దగ్గర తిరిగాయి, 2013లో రూపాయి 68 దాకా జారింది, మొండి బకాయిలు 2018 నాటికి 11 శాతం దాటాయి. ఆ బిల్లు కట్టింది మా ప్రభుత్వం. అదే తప్పు మళ్ళీ చేయలేదని తిడుతున్నారా?

కాకతీయ_పోరడు:

"మా ప్రభుత్వం" అట. బాగుంది అన్నా.

అసలు కరోనా రాకముందే బండి ఆగింది కదా, దాని గురించి ఒక్క ముక్క లేదేం? 2016-17లో 8 శాతం పైన ఉన్న వృద్ధి 2019-20కి 4 దగ్గరకొచ్చింది. ఆ ఏడాది చివరి వారం దాకా లాక్‌డౌన్ లేదు. పెద్ద నోట్లు రద్దు చేసింది ఎవరు, జీఎస్టీ హడావుడిగా తెచ్చింది ఎవరు? 2019 సెప్టెంబరులో కార్పొరేట్ పన్ను 30 నుంచి 22 శాతానికి కోసి 1.45 లక్షల కోట్లు వదులుకున్నారు. అప్పుడు లోటు గుర్తుకు రాలేదు, కూలోడికి ఇచ్చేటప్పుడే గుర్తుకొచ్చింది.

ఇంక రాష్ట్రాల ముచ్చట. జీఎస్టీ వల్ల రాష్ట్రాల రాబడి తగ్గితే పరిహారం ఇస్తామని చట్టం రాసి, 2020 ఆగస్టులో "దైవ ఘటన" అని చేతులెత్తేశారు. 2.35 లక్షల కోట్ల లోటు వస్తుంది, మీరే అప్పు తెచ్చుకోండి అన్నారు. గొడవ చేస్తే గానీ అక్టోబరులో కేంద్రం తన పేరు మీద 1.1 లక్షల కోట్లు తెచ్చి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. రాష్ట్రాల అప్పు పరిమితి రాష్ట్ర జీడీపీలో 3 నుంచి 5 శాతానికి పెంచాం అన్నారు, అందులో చాలా భాగానికి షరతులు. కరెంటు సంస్కరణలు చేయాలి, మున్సిపాలిటీల్లో పన్ను మార్చాలి. ఆంధ్రాలో ఆస్తి విలువను బట్టి ఇంటిపన్ను వచ్చింది అందుకే, శ్రీకాకుళంలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టింది అందుకే. కేసీఆర్ మాత్రం మీటర్లు పెట్టనని తేల్చి చెప్పిండు.

వ్యవసాయమే ఆ మూడు నెలలు నిలబడింది, మర్చిపోకండి. ఏప్రిల్-జూన్‌లో మొత్తం జీడీపీ 23.9 శాతం పడిపోతే, నిర్మాణం సగానికి సగం పడిపోతే, సాగు 3.4 శాతం పెరిగింది. అలాంటి రైతు మోటారుకే మీటరు పెట్టమంటారా?

భారత్_ప్రథమం:

కేసీఆర్ గారి దయ గురించి కూడా చెప్పండి మరి. 2020 మార్చి 30న ఉద్యోగుల జీతంలో సగం ఆపేశారు, పెన్షనర్లకు కూడా సగమే. ఆగస్టు చివర్లో ఎల్ఆర్ఎస్ తెచ్చి, జనం దగ్గర చిల్లిగవ్వ లేని టైములో ప్లాట్లు క్రమబద్ధం చేసుకోవాలంటే డబ్బు కట్టమన్నారు, 25 లక్షల పైన అప్లికేషన్లు. ఇదేనా మాంద్యంలో ఆదుకోవడం? పక్క రాష్ట్రంలో ఇంకా బాగుంది, మే 4న మందు షాపులు తెరిచి ధర మొదట 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం పెంచారు. అక్కడా జీతాలు వాయిదా వేస్తే, బకాయి 6 శాతం వడ్డీతో ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

కాకతీయ_పోరడు:

1500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం తెల్లకార్డుకి ఇచ్చింది కూడా ఆ కేసీఆరే. వలస కూలీల తొలి రైలు మే 1న కదిలింది లింగంపల్లి నుంచే. పెట్రోలు మాట మాట్లాడొద్దా ఇంక? ముడిచమురు ప్రపంచమంతా పడిపోతే మే 5 రాత్రి లీటరు పెట్రోలు మీద 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు ఎక్సైజ్ పన్ను వేసింది ఎవరు?

డాలస్_బావ:

ఇక్కడి నుంచి ఒక మాట. చేతికి డబ్బివ్వాలని గట్టిగా అనేవాళ్ళు మా దగ్గర ఏం జరిగిందో కూడా చూడాలి. 2020 వసంతంలో ట్రంప్ మనిషికి 1,200 డాలర్లు ఇచ్చాడు, ఏడాది చివర ఇంకో 600, 2021 మార్చిలో బైడెన్ 1,400. హెచ్1బీ మీద ఉన్న మా ఫ్రెండ్స్‌కి కూడా పడ్డాయి, ఉద్యోగం పోనివాళ్ళకి కూడా! కొందరు వాటితో స్టాక్స్ కొన్నారు, నిజం చెప్తున్నా. 2022 జూన్‌కి ద్రవ్యోల్బణం 9.1 శాతం. గుడ్ల ధర చూసి ఇంట్లో రోజూ పంచాయితీ. ఇక్కడా ఇదే కొట్లాట, రిపబ్లికన్లు ఆ మూడో చెక్కు వల్లే ధరలు పెరిగాయంటారు, డెమోక్రాట్లు సరుకు రవాణా ఆగడం వల్ల, ఉక్రెయిన్ యుద్ధం వల్ల అంటారు. మొదటి రెండు చెక్కులు ట్రంప్ హయాంలోవే అని గుర్తుచేస్తే మాత్రం రిపబ్లికన్ ఫ్రెండ్స్ టాపిక్ మార్చేస్తారు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. 2020 మొత్తం మీద అమెరికా తగ్గింది 2 శాతం చిల్లరే. ఇండియా సవరించిన లెక్కలో కూడా 5.8.

లెక్కల_సారు:

డాలస్ బావగారూ, పోలిక బాగుంది గానీ మన దగ్గర చేతికి డబ్బిమ్మన్నవాళ్ళెవరూ 1,200 డాలర్లు అడగలేదు. రఘురాం రాజన్, అభిజిత్ బెనర్జీ లాంటి ఆర్థికవేత్తలు అన్నది పేదలకు, పని పోయినవాళ్ళకు కొంతకాలం నేరుగా కొంత డబ్బు వెయ్యమని. 500 నుంచి 9.1 శాతం ద్రవ్యోల్బణం దాకా మధ్యలో చాలా దూరం ఉంది.

భారత్ గారూ, 2008 పోలిక మీద మీతో సగం ఏకీభవిస్తా. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు దువ్వూరి సుబ్బారావు గారు, మనవాడే, ఆర్నెల్లలో రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 9 నుంచి 4.75 శాతానికి తెచ్చారు. మందు వేశాక ఎప్పుడు ఆపాలో తెలియకపోవడమే అక్కడ జరిగిన పొరపాటు. అప్పట్లో బ్యాంకుల చేత పెద్ద కంపెనీలకు అప్పులిప్పించి చెడ్డారని మీరే అన్నారు. మరి 2020లో చేసింది కూడా బ్యాంకుల చేత అప్పులిప్పించడమేగా? గ్రహీత మారాడు, పద్ధతి అదే.

భారత్_ప్రథమం:

తేడా ఉంది సార్. అప్పుడు గ్యారంటీ లేదు, 2020లో 100 శాతం గ్యారంటీ ఇచ్చారు, వడ్డీకి 9.25 శాతం గరిష్ఠ పరిమితి పెట్టారు, అసలు కట్టడానికి ఏడాది గడువు ఇచ్చారు. ఈ పథకం వల్ల 13.5 లక్షల ఖాతాలు నిలబడ్డాయని ఎస్‌బీఐ పరిశోధన విభాగమే రాసింది. బాగా పనిచేసినదాన్ని కూడా ఒప్పుకోకపోతే ఇంక చర్చ దేనికి?

కృష్ణలంక_టెంట్‌హౌస్:

చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఇక ఉండబట్టలేక రాస్తున్నా. పైన సారు చెప్పిన మధ్యలోవాడిని నేనే.

మాది విజయవాడలో టెంట్ హౌస్. కుర్చీలు, షామియానాలు, వంట గిన్నెలు, ఒక జనరేటరు. 2020 ఏప్రిల్, మే ముహూర్తాలకు బుకింగులన్నీ అయిపోయాయి, ఆ అడ్వాన్సులతోనే కొత్త కుర్చీలు తెప్పించా. మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని మాట్లాడారు, పన్నెండింటి నుంచి అంతా బంద్. వారం తిరక్కుండా అడ్వాన్సులు వెనక్కి ఇమ్మని ఫోన్లు. ఇవ్వకపోతే రేపు ఆ వీధిలో ముఖం ఎలా చూపిస్తాం? ఇచ్చేశా. తర్వాత సడలింపులొచ్చినా పెళ్ళికి 50 మంది అన్నారు. 50 మందికి టెంట్ హౌస్ ఎవడికి కావాలి, ఇంట్లో కుర్చీలే సరిపోతాయి.

ఆ గ్యారంటీ అప్పు కోసం బ్యాంకుకి వెళ్ళా. అప్పటి రూలేంటంటే, 2020 ఫిబ్రవరి 29 నాటికి మనకి ఎంత అప్పు బాకీ ఉందో అందులో 20 శాతం కొత్తగా ఇస్తారు. నాకు బ్యాంకులో అప్పే లేదు. సామానంతా చిట్టీలు పాడి కొన్నది, నెలనెలా చిట్టీ కట్టుకుంటూ వస్తున్నా. అంటే ఎవరికీ బాకీ లేకుండా వ్యాపారం చేసుకున్న పాపానికి నాకు సున్నాలో 20 శాతం. అప్పట్లో వీధి వ్యాపారులకు 10 వేలు అప్పిచ్చే స్వనిధి పథకం ఉంది కదా అంటే, నాది తోపుడు బండి కాదు. మారటోరియం (కొన్నాళ్ళు వాయిదాలు కట్టకుండా ఆగే వెసులుబాటు) కూడా బ్యాంకు అప్పులకే, చిట్టీలకి మారటోరియం ఎవడిస్తాడు?

చివరికి నాకు అక్కరకొచ్చింది నా భార్య గాజులు. ఆగస్టులో రిజర్వు బ్యాంకు బంగారం విలువలో 90 శాతం దాకా అప్పివ్వొచ్చని బ్యాంకులకు చెప్పింది, అంతకుముందు 75. దాంతో ఇంకొంచెం ఎక్కువ వచ్చింది. ఇదీ నాకు అందిన ప్యాకేజీ, నా బంగారం మీద నాకే ఇంకో 15 శాతం అప్పు.

కాకతీయ_పోరడు:

అన్నా, మా దిక్కు ప్రైవేటు టీచర్లది కూడా ఇదే కథ. ఉపాధి హామీ పనికి పోయినోళ్ళు ఉన్నరు, ఇడ్లీ బండి పెట్టుకున్నోళ్ళు ఉన్నరు. 2021 ఏప్రిల్‌లో గానీ 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం రాలేదు, అంటే ఏడాది తర్వాత. ఇది మాత్రం మా సర్కారును కూడా అడగాల్సిన మాటే.

భారత్_ప్రథమం:

టెంట్‌హౌస్ గారూ, మీ బాధ అర్థమైంది, వెటకారం కాదు. కానీ ప్రభుత్వం వైపు నుంచి ఆలోచించండి. ఐటీ రిటర్ను వెయ్యరు, బ్యాంకులో అప్పు లేదు, తెల్లకార్డు లేదు. మీలాంటి కోట్ల మందిని ఎలా గుర్తించాలి, ఎవరికి ఎంత నష్టమొచ్చిందో ఎలా తెలియాలి? బ్రిటన్‌లో సొంతంగా పని చేసుకునేవాళ్ళకి లాభంలో 80 శాతం లెక్కగట్టి ఇచ్చారంటే, అక్కడ వాళ్ళు అంతకుముందు పన్ను రిటర్నులు వేశారు కాబట్టి.

కృష్ణలంక_టెంట్‌హౌస్:

తెల్లకార్డు నాకు ఎందుకు లేదో అడగండి మరి. ఉండేది. నెలకి 300 యూనిట్ల కరెంటు దాటిందని తీసేశారు. సామాన్లు పెట్టే గోడౌన్ మీటరు కూడా నా పేరునే ఉంది కాబట్టి దాటింది. కార్డు తీసెయ్యడానికి నా ఆధార్, నా మీటరు అన్నీ దొరికాయి. ఓ ఐదు వేలు వెయ్యడానికి మాత్రం నేనెవరో తెలియలేదా?

భారత్_ప్రథమం:

ఆ కార్డు తీసింది రాష్ట్రం సార్, కేంద్రం కాదు.

లెక్కల_సారు:

కేంద్రం ఇచ్చిన 5 కిలోలు ఆ రాష్ట్ర కార్డు చూసేగా ఇచ్చారు, భారత్ గారూ?