అప్‌డేట్: ఎడమ పొత్తికడుపు నొప్పి, సీటీలో తేలింది

కావలిలో ఉండే మా బావకు ఎడమ పొత్తికడుపులో ఒక్కచోటే, వేలు పెట్టి చూపించేంత నొప్పి, జ్వరం లేదు, తెల్లకణాలు మామూలే, అల్ట్రాసౌండ్‌లో ఏమీ తేలలేదు అని పోయిన వారం అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్. ‘కాంట్రాస్ట్‌తో (నరంలోకి రంగు మందు ఎక్కించి) సీటీ స్కాన్ తీయించండి’ అన్న సలహానే పనికొచ్చింది. నెల్లూరులో ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి, తర్వాత తీశారు.

తేలింది ఎపిప్లోయిక్ అపెండజైటిస్. పెద్దపేగు బయటి గోడకు చిన్న చిన్న కొవ్వు తిత్తులు వేలాడుతుంటాయి. అందులో ఒకటి మెలిపడి, రక్తం ఆడక వాచింది. ఫిల్ములో సిగ్మాయిడ్‌ను (పెద్దపేగు చివరి వంపును) ఆనుకుని 2.5 సెం.మీ. కోడిగుడ్డు ఆకారం కనిపించింది: లోపల కొవ్వు నలుపు, చుట్టూ సన్నటి తెల్ల అంచు, నడుమ తెల్ల చుక్క. ఆ చుక్క గడ్డకట్టిన సిర. అది కనపడనంత మాత్రాన ఈ జబ్బు కాదనుకోకూడదు. పేగు గోడ పెద్దగా మందం కాలేదు, అందుకే డైవర్టిక్యులైటిస్ (పేగు గోడలో ఏర్పడే చిన్న సంచులు వాచడం) కాదన్నారు. అదే ఇలాంటి మచ్చ కుడి పక్కన, 5 సెం.మీ. పైబడి, తెల్ల అంచు లేకుండా ఉంటే ఓమెంటం (పేగుల ముందు పరదాలా వేలాడే పొర) కొవ్వుకు రక్తం ఆగిందేమోనని చూస్తారు.

కిడ్నీ రాయి అనుమానం, గ్యాస్ మాత్రలు దీనికి సంబంధం లేనివే. ఆపరేషన్, యాంటీబయాటిక్స్ కూడా అక్కర్లేకపోయింది. డాక్టరు రాసిన ఐబుప్రోఫెన్ భోజనం తర్వాత ఐదు రోజులు వాడాక నొప్పి పోయింది. సీటీలో ఆ మచ్చ నెలల తరబడి ఉండొచ్చు, నొప్పి తగ్గితే మళ్లీ తీయించే పన్లేదు. జ్వరమొచ్చినా, నొప్పి పెరిగినా మాత్రం ఆగకుండా వెళ్లండి.