సోవియట్ రోజుల్లో రష్యాలో అధికారిక పాఠం కాకుండా వేరే తత్వశాస్త్రం ఏమైనా బతికిందా?

పాతబీరువా

మా నాన్నగారు విశాలాంధ్రలో కొన్న ప్రగతి ప్రచురణాలయం పుస్తకాలు ఇంట్లో ఓ బీరువా నిండా ఉన్నాయి. కథలూ నవలలూ సరే, బాగా చదివించాయి. తత్వశాస్త్రం పేరుతో ఉన్నవి మాత్రం ఏది తెరిచినా గతితార్కిక భౌతికవాదం, చారిత్రక భౌతికవాదం అనే అధికారిక మార్క్సిస్టు పాఠం, మధ్యమధ్యలో లెనిన్ మాటలు, అంతే. దొస్తొయెవ్‌స్కీ, టాల్‌స్టాయ్ పుట్టిన దేశంలో డెబ్బై ఏళ్ళు అందరూ ఒకే పాఠం అప్పజెబుతూ కూర్చున్నారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. వేరేగా ఆలోచించినవాళ్ళు ఏమయ్యారు? చంపేశారా, వెళ్ళగొట్టారా, నోరు మూసుకుని ఉద్యోగాలు చేసుకున్నారా? ఇంకో సంగతి, మా ఫ్రెండ్ ఒకడు "అణచివేత ఉన్నచోటే గొప్ప ఆలోచన పుడుతుంది" అంటాడు. వాడికి ఏం చెప్పాలో కూడా చెప్పండి. పార్టీల గొడవ వద్దు, ప్లీజ్.

వోల్గా_గోదావరి

మీరడిగిన మూడూ జరిగాయి. ముందు వెళ్ళగొట్టడం సంగతి. 1922 సెప్టెంబరు చివర్లో పెట్రోగ్రాడ్ నుంచి ఒక జర్మన్ ఓడ, నవంబరులో ఇంకోటి, ప్రొఫెసర్లనూ రచయితలనూ కుటుంబాలతో సహా ఎక్కించుకుని జర్మనీకి బయల్దేరాయి. వీటికే తర్వాత "తత్వవేత్తల ఓడలు" అని పేరొచ్చింది. బెర్ద్యాయెవ్, సెమ్యోన్ ఫ్రాంక్, ఇవాన్ ఇల్యిన్, నికొలాయ్ లోస్కీ అందరూ అలా వెళ్ళినవాళ్ళే. సెర్గీ బుల్గాకోవ్‌ను నల్లసముద్రం మీదుగా పంపారు, సోరోకిన్ రైల్లో వెళ్ళాడు. తిరిగొస్తే కాల్చేస్తారని తెలుసునంటూ ముందే సంతకం పెట్టించుకున్నారు. ఆ జాబితాల కోసం లెనిన్ స్వయంగా రహస్య పోలీసు అధిపతి జెర్జిన్‌స్కీకి ఉత్తరం రాశాడు (ఆ ఏడాది మే నెలలో). వీళ్ళను కాల్చడానికి కారణం లేదు, భరించడమూ కుదరదు అని ట్రాట్‌స్కీ ఒక విదేశీ విలేకరితో చెప్పాడు. అప్పట్లో దాన్ని దయ కిందే లెక్కేసుకున్నారు మరి.

విచిత్రమేమిటంటే, అలా పోయినవాళ్ళే ఎక్కువ భాగం బాగుపడ్డారు. సోరోకిన్ హార్వర్డ్‌లో సోషియాలజీ విభాగం మొదలుపెట్టాడు, బెర్ద్యాయెవ్ పారిస్ పక్కన కూర్చుని పాతికేళ్ళు రాసుకున్నాడు. కర్సావిన్ అనే ఆయనది మాత్రం వేరే కథ. ఆయనా ఓడలో పోయినవాడే, తర్వాత లిథువేనియాలో ఉద్యోగం చూసుకున్నాడు. 1940లో ఆ దేశాన్నే సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. 1949లో అరెస్టు చేశారు, 1952లో ఉత్తరాన అబేజ్ శిబిరంలో పోయాడు. తరిమేసిన రాజ్యమే వెతుక్కుంటూ వెనకాల వచ్చిందన్నమాట.

ఉండిపోయినవాళ్ళలో గుస్తావ్ ష్పెత్ పేరు కూడా బహిష్కరణ జాబితాలో ఉండేది. దేశం వదలడం ఇష్టం లేక విద్యామంత్రి లునచార్‌స్కీని పట్టుకుని పేరు తీయించుకున్నాడు. 1937లో తోమ్‌స్క్‌లో కాల్చేశారు. అంతకుముందు దేశం లోపలే శిక్షగా దూరప్రాంతంలో ఉంచినప్పుడు ఆయన చేసిన హెగెల్ (జర్మన్ తత్వవేత్త) అనువాదం అచ్చయ్యింది 1959లో. ఫ్లోరెన్‌స్కీది అంతకన్నా ఘోరం. గణితం, ఇంజనీరింగ్, మతతత్వశాస్త్రం అన్నీ తెలిసిన మనిషి, పైగా చర్చి ఫాదరు, ఆ అంగీతోనే సోవియట్ విద్యుదీకరణ పనుల్లో ఉద్యోగం చేశాడు. సొలొవ్‌కీ శిబిరంలో సముద్రపు నాచు నుంచి అయోడిన్ తీసే పని చేయించుకుని 1937 డిసెంబరులో కాల్చేశారు. మీ ఫ్రెండ్‌కి ముందు ఈ ఇద్దరి గురించి చెప్పండి.

లలిత_కె

పైన చెప్పినవన్నీ నిజమే కానీ అది సగం కథ. మిగిలినవాళ్ళు ఎలా రాశారన్నదే నాకు ఎక్కువ ఆసక్తి. తత్వశాస్త్రం అని బోర్డు పెట్టుకుంటే ప్రాణం మీదికొచ్చే కాలంలో సౌందర్యశాస్త్రం అన్నారు, సాహిత్య చరిత్ర అన్నారు, తర్కం అన్నారు, అసలు పని ఆ పేర్ల చాటున చేసుకున్నారు.

లోసెవ్‌ను చూడండి. 1930లో పురాణగాథల మీద రాసిన పుస్తకంలో సెన్సారు కొట్టేసిన భాగాలను మళ్ళీ చేర్చి అచ్చు వేయించాడు. ఎంత తెగింపో! అరెస్టయ్యాడు, ఆ ఏడాది పార్టీ మహాసభలో స్టాలిన్ అనుచరుడు కగనోవిచ్ పేరు పెట్టి మరీ తిట్టాడు, ఖైదీలతో తవ్వించిన శ్వేతసముద్రం కాలువ పనికి పంపారు, అక్కడే చూపు దాదాపు పోయింది. విడుదలయ్యాక కూడా స్టాలిన్ చనిపోయేదాకా సొంత పుస్తకాలు వేసుకోనివ్వలేదు. ఆ తర్వాత కంటిచూపు లేని స్థితిలో, చదివిపెట్టేవాళ్ళూ రాసిపెట్టేవాళ్ళూ పక్కనుండగా, ప్రాచీన గ్రీకు సౌందర్యశాస్త్ర చరిత్ర ఎనిమిది సంపుటాలు! మొదటిది 1963లో వచ్చింది, చివరివి ఆయన పోయాక. ప్లేటో గురించీ ప్లోటినస్ గురించీ చెప్పదలచుకున్నదంతా "చరిత్ర" అనే పేరు కింద చెప్పేశాడు. అదే రాజ్యం 1986లో ప్రభుత్వ బహుమతి కూడా ఇచ్చింది.

బఖ్తిన్ ఇంకో రకం. దొస్తొయెవ్‌స్కీ మీద పుస్తకం 1929లో వచ్చేనాటికే ఆయన అరెస్టయి ఉన్నాడు. సొలొవ్‌కీకి పంపాల్సింది, అనారోగ్యం వల్ల కజఖ్‌స్తాన్‌లో కుస్తనాయ్‌లో ఉండమని శిక్షగా పంపారు. అక్కడ సహకార సంస్థలో లెక్కలు రాసేవాడు. కొల్హోజ్ (సామూహిక వ్యవసాయ క్షేత్రం) రైతులు ఏ సరుకులు ఎక్కువ అడుగుతున్నారు అని ఒక వాణిజ్య పత్రికకు వ్యాసం కూడా రాశాడు, నమ్ముతారా? 1946లో రాబెలే అనే పాత ఫ్రెంచి రచయిత మీద థీసిస్ సమర్పిస్తే గంటల తరబడి గొడవ, చివరికి డాక్టరేట్ ఇవ్వకుండా కింది డిగ్రీతో సరిపెట్టారు. 1960ల మొదట్లో మాస్కో కుర్రాళ్ళు కొందరు, ఈయన ఎప్పుడో పోయాడనుకున్నవాళ్ళు, సరాన్‌స్క్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాడని తెలిసి వెళ్ళి పట్టుకున్నారు. వాళ్ళ పుణ్యమే 1963, 1965 ముద్రణలు.

ఎర్రమట్టి

ఒక అభ్యంతరం. మీరిద్దరూ చెబుతుంటే మార్క్సిస్టులు ఒకవైపు, ఆలోచించేవాళ్ళు ఒకవైపు అన్నట్టుంది. మార్క్స్‌ను సీరియస్‌గా చదివినవాళ్ళు కూడా తక్కువేం దెబ్బ తినలేదు. స్టాలిన్‌కు హెగెల్ పాఠాలు చెప్పిన యాన్ స్టెన్‌ను 1937లో చంపేశారు. దెబోరిన్ అనే మార్క్సిస్టు తత్వవేత్త వర్గం మీద 1931లో కేంద్ర కమిటీయే తీర్మానం చేసి పత్రిక లాక్కుంది, "మెన్షెవిక్ తరహా భావవాదం" అని ముద్ర వేసి. 1938 తర్వాత పార్టీ చరిత్ర పుస్తకంలో స్టాలిన్ పేరున ఉన్న ఒక్క అధ్యాయమే తత్వశాస్త్రానికి ఆఖరి మాట అయిపోయింది.

ఇల్యెన్‌కోవ్ అనే తత్వవేత్త గురించి చదవండి. యుద్ధంలో బెర్లిన్ దాకా వెళ్ళొచ్చిన మనిషి, పక్కా మార్క్సిస్టు. 1954లో కొరోవికోవ్‌తో కలిసి తత్వశాస్త్రం పని ఆలోచనను పరిశీలించడం, ప్రకృతికీ సమాజానికీ సాధారణ సూత్రాలు వల్లించడం కాదు అన్నాడు. ఇందులో ఏం నేరం ఉంది? మరుసటి ఏడాదికల్లా మాస్కో విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే అవకాశం పోయింది. "కేపిటల్" మీద రాసిన పుస్తకాన్ని ఏళ్ళ తరబడి ఆపి, బాగా కత్తిరించి 1960లో వదిలారు. తర్వాత జాగోర్‌స్క్‌లో చూపూ వినికిడీ రెండూ లేని పిల్లల బడితో ముడిపడ్డాడు, మనిషి మనసు ఎలా తయారవుతుందన్న తన ప్రశ్నకు అక్కడ జవాబు వెతికాడు. అక్కడి పిల్లలు నలుగురు మాస్కో విశ్వవిద్యాలయంలో చదివి డిగ్రీలు తీసుకున్నారు. ఆయన మాత్రం 1979 మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు. మా వైపు మీటింగుల్లో ఈ పేరు ఎప్పుడూ వినపడదు, అదే నా బాధ.

పాతబీరువా

అందరికీ థాంక్స్. ఒక చిన్న డౌటు. మరి మామూలు విద్యార్థి ఏం చదివేవాడు? సార్త్ర్, హైడెగర్ లాంటి పాశ్చాత్య తత్వవేత్తలు అసలు దొరికేవారా?

లలిత_కె

దొరికేవారు, తిట్ల రూపంలో. "బూర్జువా తత్వశాస్త్ర విమర్శ" అని ఒక విభాగమే ఉండేది. మొదట్లో లెనిన్ మాట, చివర్లో ఖండన, మధ్యలో హైడెగర్ ఏమన్నాడో శ్రద్ధగా, వివరంగా. తెలివైనవాడు మొదటిదీ చివరిదీ వదిలేసి మధ్యది చదువుకునేవాడు. అసలు పుస్తకాలు పెద్ద లైబ్రరీల్లో "ప్రత్యేక నిల్వ" గదుల్లో ఉండేవి, అనుమతి పత్రం ఉంటేనే లోపలికి. ఇక టైపు మిషన్ మీద కార్బన్ కాగితాలు పెట్టి కొట్టుకున్న సమిజ్‌దాత్ ప్రతులు ఎలాగూ ఉన్నాయి, ఆఖరి కాపీ వాటా వచ్చినవాడి కళ్ళకు పరీక్షే. మమర్దష్విలి అనే తత్వవేత్త పెద్దగా రాయకుండా తత్వవేత్త డెకార్ట్ మీద, నవలాకారుడు ప్రూస్త్ మీద మాట్లాడుతూ పోయాడు. ఆ ఉపన్యాసాలు టేపుల్లో దాచుకున్నవాళ్ళ వల్లే తర్వాత పుస్తకాలయ్యాయి. ఎస్తోనియాలో తార్తు విశ్వవిద్యాలయంలో లోత్‌మన్ అనే పండితుడి బృందం సంకేతశాస్త్రం (గుర్తులూ భాషా అర్థాన్ని ఎలా చెబుతాయన్న చదువు) అని పేరు పెట్టుకుని 1964 నుంచి వేసవి బడులు నడిపింది. మాస్కోకు దూరం కాబట్టి కొంచెం ఊపిరి ఆడింది.

మీ ఫ్రెండ్ మాటకొస్తే, బఖ్తిన్‌కు ఆ ముప్పై ఏళ్ళూ ఒక మంచి లైబ్రరీ, రెండు కాళ్ళు (ఒకటి 1938లో తీసేశారు), వాదించడానికి నలుగురు మనుషులు ఉండి ఉంటే తక్కువ రాసేవాడని మీ ఫ్రెండ్ నిరూపించగలడా?

ఎర్రమట్టి

లలితగారి దానికి చిన్న చేర్పు. భావరూపం అంటే ఏమిటి అని ఇల్యెన్‌కోవ్ రాసిన పెద్ద వ్యాసం, బతికుండగా అచ్చు చూసుకోలేకపోయింది, ఆయన పోయిన కొద్ది నెలలకే దేశంలోని ప్రధాన తత్వశాస్త్ర పత్రికలో రెండు సంచికల్లో వచ్చింది. ఇంగ్లీషులో దొరుకుతుంది. పాతబీరువాగారూ, మొదలుపెట్టాలంటే దానితోనే మొదలుపెట్టండి, అర్థంకాని చోట ఇక్కడే అడగండి.