డిస్మిసల్‌కి ముందు రెండో షోకాజ్ ఇవ్వాలా, వద్దా?

ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు:
మేజర్ పెనాల్టీ (డిస్మిసల్ లాంటి పెద్ద శిక్ష) ఫైలు ఒకటి డ్రాఫ్ట్ దశలో ఉంది. మొదటి ఆరోపణ రుజువైందని, రెండోది కాలేదని ఎంక్వైరీ ఆఫీసర్ రిపోర్టు ఇచ్చారు. డిసిప్లినరీ అథారిటీ (శిక్ష వేసే అధికారి) మాత్రం రెండూ రుజువైనట్టే అంటున్నారు, డిస్మిసల్ వైపే మొగ్గుతున్నారు.

పాత ఫైళ్లు తిరగేస్తే మూడు రకాలు కనపడ్డాయి. 1970ల మొదట్లోని ఫైల్లో “మిమ్మల్ని ఎందుకు డిస్మిస్ చేయకూడదో తెలపండి” అని రెండో షోకాజ్ ఉంది. 1980ల నాటి దాంట్లో రిపోర్టు అందిన వారానికే నేరుగా ఆర్డర్. ఆ తర్వాతి వాటిలో రిపోర్టు కాపీ పంపి, వివరణ తీసుకుని, అప్పుడు ఆర్డర్. ఇప్పుడు చెల్లేది ఏది? ఇంకోటి, రూల్స్ రాసేది ప్రభుత్వమే కదా, ఈ మిగిలిన అవకాశం కూడా రేపు తీసేయొచ్చా?

పాత ఫైలు:
మీకు దొరికిన మూడు ఫైళ్లూ వాటి వాటి కాలానికి సరైనవే. రూలు మూడుసార్లు మారింది, అంతే.

ప్రభుత్వోద్యోగిని వినకుండా తీసేయకూడదనే రాజ్యాంగం ఆర్టికల్ 311(2)లో 1950లో ఉన్నది ఒక్కటే మాట: తీసుకోబోయే చర్యకు వ్యతిరేకంగా కారణం చూపుకునే తగిన అవకాశం. అంతకుముందు 1935 చట్టం 240వ సెక్షన్‌లోనూ దాదాపు ఇదే. ఆ అవకాశం శిక్ష నిర్ణయించే దశలో కూడా ఇవ్వాల్సిందేనని 1948లో ప్రీవీ కౌన్సిల్ (అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు), ఆరోపణల దశలో ఒకటి, శిక్ష దశలో ఒకటి ఉండాలని 1958లో ఖేమ్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాయి. 1963లో 15వ సవరణ ఆ రెండు దశలనీ ఆర్టికల్‌లోనే విడివిడిగా రాసేసింది. మీ మొదటి ఫైలు ఆ కాలానిది.

1976లో 42వ సవరణ శిక్ష మీద చెప్పుకునే అవకాశం అక్కర్లేదంది. 3-1-1977 నుంచి అమలు. రెండో షోకాజ్ అక్కడితో పోయింది. దాంతో చాలా ఆఫీసుల్లో రిపోర్టు కాపీ ఇవ్వడం కూడా మానేశారు. ఉద్యోగికి తన మీద ఏం రాశారో డిస్మిసల్ ఆర్డర్ చేతికొచ్చాకే తెలిసేది. రెండో ఫైలు అది.

మూడో మార్పు చట్టసభ చేసింది కాదు, కోర్టు చేసింది. 20-11-1990న రంజాన్ ఖాన్ కేసు, 1-10-1993న మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో అయిదుగురు జడ్జీల తీర్పు. ఎంక్వైరీ ఆఫీసర్ వేరే వ్యక్తి అయితే, డిసిప్లినరీ అథారిటీ ఒక అభిప్రాయానికి రాకముందే రిపోర్టు కాపీ ఉద్యోగికి అందాలి, అతను దాని మీద చెప్పుకోవాలి. తీర్పు వెనక ఉన్న తర్కం సూటిగా ఉంటుంది. 42వ సవరణ తీసేసింది శిక్ష మీద మాట్లాడే హక్కు. రిపోర్టు అనేది శిక్ష కాదు, నేరం రుజువైందా లేదా అన్న మొదటి దశకే చెందిన సాక్ష్యం. దాన్ని చూపకుండా వాడుకుంటే మొదటి దశే పూర్తి కానట్టు.

కాబట్టి శిక్ష మీద షోకాజ్ వద్దు, రిపోర్టు కాపీ మాత్రం తప్పనిసరి. కేంద్రంలో సీసీఎస్ (సీసీఏ) రూల్స్, అంటే ఉద్యోగుల క్రమశిక్షణ నియమాల్లో రూల్ 15, ఏపీ, తెలంగాణల్లో 1991 సీసీఏ రూల్స్‌లో రూల్ 21 చూడండి.

డిఫెన్స్ అసిస్టెంట్:
పై సమాధానం సరైనదే. కానీ కేసులు పోయేది చరిత్ర తెలీక కాదు, మెమోలో ఒక వాక్యం వల్ల. చాలా ఆఫీసుల్లో తిరిగే నమూనా ఇలా ఉంటుంది: “ఎంక్వైరీ ఆఫీసర్ నిర్ధారణలతో ఏకీభవిస్తూ, మిమ్మల్ని సర్వీసు నుంచి డిస్మిస్ చేయాలని నిర్ణయించడమైనది. 15 రోజుల్లో వివరణ ఇవ్వగలరు.” ఏకీభవించేశాక, నిర్ణయించేశాక వివరణ దేనికి? వినకముందే తీర్పు రాశారని రిట్‌లో మొదటి పేరాలోనే పెడతారు.

ఇలా రాస్తే చాలు: “ఎంక్వైరీ ఆఫీసర్ రిపోర్టు ప్రతి జత చేయడమైనది. దానిపై మీరు చెప్పదలచుకున్నది ఈ మెమో అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. మీ వివరణ పరిశీలించాకే నిర్ణయం తీసుకోబడుతుంది.” డిస్మిసల్ అన్న మాటే వద్దు. శిక్ష పేరు రాయాల్సిన పని ఈ దశలో లేదు.

ఇక మీ ఫైల్లో అసలు చిక్కు రెండో ఆరోపణ. ఎంక్వైరీ ఆఫీసర్ కాలేదన్నదాన్ని అథారిటీ అయిందనాలంటే, విభేదించే కారణాలు రాసి రిపోర్టుతో పాటే పంపాలి. 1998లో కుంజ్ బిహారీ మిశ్రా కేసు చెప్పింది ఇదే. ఆ కారణాలు తాత్కాలికంగానే ఉండాలి. “సాక్షి నంబర్ 3 వాంగ్మూలం, రిజిస్టరులోని ఎంట్రీ కలిపి చూస్తే ఆరోపణ రుజువైనట్టు ప్రాథమికంగా కనిపిస్తోంది, మీరేమంటారు” అన్న ధోరణిలో రాయండి. “రుజువైందని తేల్చడమైనది” అని రాస్తే పైన చెప్పిన తప్పే మళ్లీ చేసినట్టు. ఎంక్వైరీలో లేని కొత్త కాగితం పట్టుకుని విభేదించకూడదు కూడా. అలాంటి కాగితం కీలకం అనుకుంటే తిరిగి ఎంక్వైరీకి పంపడమే దారి.

సందేహం:
ఇంత తతంగం ఎందుకు? పర్మినెంట్ ఉద్యోగినైనా 3 నెలల నోటీసో జీతమో ఇచ్చి పంపేయొచ్చని రూల్ పెడితే అయిపోదా?

పాత ఫైలు:
పెట్టి చూశారు, నిలవలేదు. రైల్వేల్లో అలాంటి రూల్స్ 148(3), 149(3) ఉండేవి. 1963లో మోతీరామ్ డేకా కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. పర్మినెంట్ ఉద్యోగిని నోటీసుతో తీసేయడమంటే పేరు మార్చిన రిమూవలేనని, 311(2)ని తప్పించుకోవడం కుదరదని చెప్పింది. ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లకి 311 వర్తించదు. అయినా అక్కడ కూడా అలాంటి క్లాజు ఆర్టికల్ 14 కింద చెల్లదని 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో తేలింది, 1990లో ఢిల్లీ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది.

మొదటి ప్రశ్నలోని రెండో సగానికి జవాబు కూడా ఇదే. ఆర్టికల్ 309 (సర్వీసు రూల్స్ చేసే అధికారం) కింద గవర్నర్ పేరుతో వచ్చే రూల్ 311కి లోబడే ఉండాలి. గడువులు మార్చొచ్చు, ఫారాలు మార్చొచ్చు. 2017లో కేంద్రం ఎంక్వైరీకి 6 నెలల గడువు పెట్టింది. కారణం రాసి పొడిగించొచ్చు, ఒక్కోసారి 6 నెలలకు మించకుండా. అలాంటి మార్పులకు అడ్డు లేదు. వినకుండా పంపడానికి మాత్రం రాజ్యాంగమే మార్చాలి.

ఎఫ్‌ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 56(జె) కింద 50, 55 ఏళ్లకి ముందస్తు రిటైర్మెంట్ ఇవ్వడాన్ని కొందరు దీంతో కలిపేస్తారు. అది శిక్ష కాదు, పెన్షన్ వస్తుంది, అందుకే 311 అడ్డురాదు. రుజువు చేయలేని ఆరోపణకి దాన్ని అడ్డదారిగా వాడితే మాత్రం కోర్టు ముసుగు తీసి చూస్తుంది.

డిఫెన్స్ అసిస్టెంట్:
వినకుండా పంపే దారులు రాజ్యాంగంలోనే మూడున్నాయి, అది కూడా చెప్పాలి. 311(2) రెండో ప్రొవైజో (మినహాయింపు నిబంధన). (ఎ) క్రిమినల్ కేసులో శిక్ష పడితే. (బి) ఎంక్వైరీ జరపడం ఆచరణలో సాధ్యం కాదని అథారిటీ కారణాలు రాతలో నమోదు చేస్తే. (సి) రాజ్య భద్రత దృష్ట్యా వద్దని రాష్ట్రపతి లేదా గవర్నర్ సంతృప్తి చెందితే. 1985లో తులసీరామ్ పటేల్ తీర్పు మూడింటినీ సమర్థించింది. రాష్ట్ర రూల్స్‌లో దీనికి రూల్ 25, కేంద్రంలో రూల్ 19.

(బి)లో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కారణాల నోట్ ఆర్డర్ తర్వాతి తేదీతో ఉంటుంది, లేదా “సాక్షులు భయపడుతున్నారు” అని ఒక్క ముక్క ఉంటుంది. ఏ సాక్షి, ఎప్పుడు, ఎలాంటి బెదిరింపు అన్నది ఫైల్లో కనపడకపోతే కోర్టు కొట్టేస్తుంది. ఎంక్వైరీ కష్టం అనుకోవడం వేరు, సాధ్యం కాకపోవడం వేరు.

(ఎ)లో ఒక విచిత్రం ఉంది. 1976లో పోయిందనుకున్న శిక్ష మీద షోకాజ్ ఇక్కడ బతికే ఉంది! కేంద్ర రూల్ 19లోని ప్రొవైజో ప్రకారం, కన్విక్షన్ (కోర్టు దోషిగా తేల్చడం) ఆధారంగా చర్య తీసుకునేటప్పుడు ప్రతిపాదిత శిక్ష మీద చెప్పుకునే అవకాశం ఇవ్వొచ్చు. మీ ఆఫీసు పెద్దలు “రెండో షోకాజ్” అని పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణమై ఉండొచ్చు, ట్రాప్ (లంచం తీసుకుంటూ పట్టుబడ్డ) కేసుల ఫైళ్లలో చూసుంటారు. అప్పీల్ పెండింగ్‌లో ఉందని ఆగక్కర్లేదు. హైకోర్టు శిక్ష అమలు నిలిపినా కన్విక్షన్ అలాగే ఉంటుందని 1995లో నాగూర్ మీరా కేసు. ఆర్డర్‌లో మాత్రం “కోర్టు శిక్ష వేసింది కాబట్టి” అని ఆపేయకండి. శిక్షకి దారితీసిన ప్రవర్తన ఏమిటో, అది ఉద్యోగంలో ఉంచడానికి ఎందుకు వీల్లేనిదో రాయాలి.

ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు:
చాలా ఉపయోగపడింది. మెమో మార్చి రాస్తున్నాను. పంపే ముందు ఫైల్లో వెనక్కి వెళ్లి చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

పాత ఫైలు:
ముందు సర్వీస్ రిజిస్టర్ తీసి అపాయింట్‌మెంట్ ఆర్డర్ మీద సంతకం ఎవరిదో చూడండి. 311(1) ప్రకారం నియమించిన అధికారి కంటే కింది స్థాయి వాళ్లు డిస్మిస్ చేయలేరు. ఆ తర్వాత నియామక అధికారాన్ని కిందికి బదలాయించి ఉంటారు, సీటులో ఉన్నవాళ్లు ఇప్పటి డెలిగేషన్ చూసి ఫైలు పెట్టేస్తారు. చూడాల్సింది ఆ ఉద్యోగిని అప్పట్లో ఎవరు నియమించారన్నది. అదే హోదా ఉన్న అధికారి అయినా సరిపోతుంది, తగ్గకూడదు. ఇది తప్పితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా ఆర్డర్ పోతుంది.

తర్వాత నోట్ ఫైల్. క్రమశిక్షణ చర్య మొదలుపెట్టడానికి అనుమతి వేరు, ఛార్జ్ మెమోకి (ఆరోపణల పత్రానికి) ఆమోదం వేరు. 2013లో గోపీనాథ్ కేసులో పోయింది అక్కడే. చర్యకు మంత్రి ఆమోదం ఉంది గానీ ఛార్జ్ మెమో ముసాయిదా ఆయన దగ్గరకి వెళ్లలేదు. ముసాయిదా జతై ఉన్న పేజీ మీద అథారిటీ ఇనీషియల్ ఉందా చూడండి.

డిఫెన్స్ అసిస్టెంట్:
ఎంక్వైరీ రోజువారీ షీట్లు కూడా చూడండి. ఉద్యోగి తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోకపోతే, తనకి వ్యతిరేకంగా వచ్చిన అంశాల మీద ఎంక్వైరీ ఆఫీసర్ అతన్ని జనరల్‌గా ప్రశ్నించాలి, కేంద్ర రూల్ 14(18). ప్రెజెంటింగ్ ఆఫీసర్ (ఆఫీసు తరఫున కేసు వాదించేవారు) బ్రీఫ్ (రాతపూర్వక వాదన) ఇచ్చాక దాని కాపీ ఉద్యోగికిచ్చి, అప్పుడు అతని బ్రీఫ్ తీసుకోవాలి. ఈ రెండూ హడావుడిలో వదిలేస్తారు.

మెమో అందినట్టు తేదీతో అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. రిపోర్టు కాపీ ఇవ్వడం మర్చిపోయి ఆర్డర్ వేసేసిన పాత కేసు మీ దగ్గర ఉంటే కంగారు అక్కర్లేదు. కరుణాకర్ తీర్పు ప్రకారం కాపీ ఇవ్వనందువల్ల నష్టం జరిగిందని ఉద్యోగి చూపాలి. ఆర్డర్ కొట్టేసినా, సస్పెన్షన్‌లో ఉంచి రిపోర్టు ఇచ్చే దశ నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అన్నట్టు, ఆ ఉద్యోగి రిటైర్మెంట్ తేదీ ఎప్పుడు? అది దాటితే డిస్మిసల్ ఆర్డర్ వేయడం కుదరదు, ఎంక్వైరీ పెన్షన్ రూల్స్ కింద సాగుతుంది, చర్య పెన్షన్ కోత వరకే. 15 రోజుల గడువు, ఆ తర్వాత ఫైలు నడిచే రోజులు లెక్కేసి ఇవాళే పంపాలో లేదో చూసుకోండి.